గుండెల మీద కూర్చున్నది ఎవరు?
రాత్రి దెయ్యాలు, నిద్ర శాస్త్రం, అణగారిన జనాల అనుభవం

నడిరాత్రి మెలకువ వస్తుంది. కళ్లు తెరుచుకుంటాయి. దూలం, గోడ, తలుపు అన్నీ కనపడుతుంటాయి. కానీ కాలూ చెయ్యీ కదలవు. అరవబోతే గొంతు పెగలదు. ఇంట్లోకి ఎవరో వచ్చినట్టు, వచ్చి ఛాతీ మీద కూర్చున్నట్టు, గొంతు నులుముతున్నట్టు వుంటుంది. ఊపిరాడదు. కొన్ని క్షణాలకో, ఒకటి రెండు నిమిషాలకో అంతా ఒక్కసారిగా విడిపోతుంది. తెల్లారి చెపితే మన పల్లెల్లో 'దెయ్యం అదిమింది' అంటారు, 'గాలి సోకింది' అంటారు. తమిళులు 'అముక్కువాన్ పేయ్' అంటారు. జపాన్‌లో దీని పేరు 'కనాషిబారి'. కెనడా తూర్పు కొసనున్న న్యూఫౌండ్‌లాండ్‌లో 'ఓల్డ్ హ్యాగ్', అంటే ముసలి మంత్రగత్తె. అమెరికా నల్లజాతి జనం 'మంత్రగత్తె స్వారీ చేసింది' అంటారు. లావోస్ కొండల మోంగ్ ప్రజలు 'దా చో' అంటారు. ఒకరి ముఖం ఒకరు ఎరగని జనాలు ఇన్ని భాషల్లో ఇంచుమించు ఒకే సంగతి చెపుతున్నారు.

దీని గురించి మన మధ్య రెండు మాటలు ఎక్కువగా వినపడుతుంటాయి. ఒకటి హేతువాదుల మాట: 'అదంతా మూఢనమ్మకం, చదువులేకపోవడం వల్ల వచ్చిన భయం.' రెండోది జానపద సంస్కృతిని నెత్తిన పెట్టుకునే వాళ్ల మాట: 'అది ప్రజల జ్ఞానం, పాశ్చాత్య సైన్సుతో దాన్ని కొలవొద్దు.' ఈ రెండింటితోనూ మాకు పేచీ వుంది. మొదటి మాట అనుభవం చెప్పే మనిషిని అబద్ధాలకోరును చేస్తుంది. రెండో మాట ఆ మనిషిని భయంలోనే వుంచి బయటి నుంచి చప్పట్లు కొడుతుంది. దళిత విద్యార్థులు, కార్యకర్తలు ఈ రెండింటి మధ్య ఎటో ఒకవైపు నిలబడాల్సిన అవసరం లేదు. రాత్రి దెయ్యాల మీద వచ్చిన మూడు పుస్తకాలనూ, కొన్ని వైద్య పరిశోధనలనూ ముందు పెట్టుకుని ఆ సంగతి చర్చిస్తాము.

శరీరం చేసే పని

ముందు సైన్సు ఏం చెప్పిందో సూటిగా చూద్దాం. 1953లో చికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు నిద్రలో ఒక ప్రత్యేక దశను గుర్తించారు. ఆ దశలో మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదులుతుంటాయి. దాన్నే రెమ్ నిద్ర అంటున్నారు. స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది ఈ దశలోనే. 1959లో ఫ్రాన్స్‌లో మిషెల్ జువే పిల్లుల మీద పనిచేసి, ఈ దశలో ఒంట్లోని కండరాలు పట్టు వదిలేస్తాయని చూపించాడు. మెదడు కాండం నుంచి వెన్నుపాముకు వెళ్లే సంకేతాలు కండరాలను ఆపేస్తాయి. ఇది జబ్బు కాదు, రక్షణ. లేకపోతే కలలో పరిగెత్తే మనిషి మంచం మీంచి లేచి పరిగెత్తి గోడకు గుద్దుకుంటాడు.

అయితే ఒక్కోసారి ఈ రెండు పనులకూ పొత్తు కుదరదు. మెలకువ ముందు వస్తుంది, కండరాల పట్టు వెనక వస్తుంది. ఆ కొద్దిసేపు మనిషి మేలుకునే వుంటాడు, ఒళ్లు మాత్రం ఇంకా నిద్రలోనే వుంటుంది. కల కూడా పూర్తిగా తెగదు, తెరిచిన కళ్ల ముందు నడుస్తూనే వుంటుంది. దీన్ని నిద్ర పక్షవాతం అంటున్నారు. పేరులో పక్షవాతం వున్నా ఆ జబ్బుకూ దీనికీ సంబంధం లేదు.

మరి ఛాతీ మీద బరువు ఎక్కడిది? రెమ్ నిద్రలో ఊపిరి పని దాదాపు అంతా ఉదరవితానమే చేస్తుంది. పక్కటెముకల మధ్య కండరాలు సడలి వుంటాయి. మేలుకున్న మనిషి భయంతో గట్టిగా ఊపిరి పీల్చబోతాడు. ఆ కండరాలు మాట వినవు. అప్పుడు ఎవరో ఛాతీని అదిమి పట్టినట్టే అనిపిస్తుంది. భయాన్ని పుట్టించే మెదడు భాగం కూడా ఈ దశలో చురుగ్గా వుంటుంది గనక, గదిలో ఎవరో వున్నారన్న అనుమానం కనపడే ఆకారంగా మారుతుంది. 1999లో చెయిన్, అతని సహచరులు ఈ అనుభవాలను మూడు రకాలుగా విడదీశారు. ఇంట్లోకి ఎవరో చొరబడినట్టుండేది ఒకటి, ఎవరో పైనెక్కి అదిమినట్టుండేది రెండు, గాలిలో తేలినట్టుండేది మూడు.

ఇది ఎంతమందికి వస్తుంది? 2011లో షార్ప్‌లెస్, బార్బర్ అనే ఇద్దరు అంతకు ముందు జరిగిన 35 అధ్యయనాలను, 36 వేలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూశారు. మామూలు జనంలో 7.6 శాతం, విద్యార్థుల్లో 28.3 శాతం, మానసిక చికిత్స పొందుతున్న వాళ్లలో 31.9 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వచ్చింది. నిద్ర చాలకపోవడం, వేళ తప్పిన నిద్ర, రాత్రి డ్యూటీలు, వెల్లకిలా పడుకోవడం, ఆందోళన, గతంలో అనుభవించిన హింస దీన్ని పెంచుతాయి. ఈ లెక్కల్లో మూడో వంతుకు దగ్గరగా వున్న రెండు వర్గాల్లో ఒకటి విశ్వవిద్యాలయాల్లో చదివే వాళ్లది. కాబట్టి చదువులేని వాళ్లకే దెయ్యాలు కనపడతాయన్న మాట ఇక్కడే పడిపోయింది.

సాక్షి మాట

మొదటి పుస్తకం డేవిడ్ హఫర్డ్ రాసిన 'ది టెర్రర్ దట్ కమ్స్ ఇన్ ది నైట్', 1982లో వచ్చింది. అంతకు ముందు ఈ విషయంలో పెద్ద పేరు ఫ్రాయిడ్ శిష్యుడు ఎర్నెస్ట్ జోన్స్‌ది. అతను 1931 నాటి పుస్తకంలో రాత్రి దెయ్యాలన్నీ అణచిపెట్టిన లైంగిక కోరికలేనని తేల్చాడు. చెప్పేవాడి మాటకు అక్కడ విలువ లేదు. వినేవాడు తనకు ముందే తెలిసిన అర్థాన్ని ఆ మాట మీద రుద్దుతాడు.

హఫర్డ్ దాన్ని తిరగేశాడు. న్యూఫౌండ్‌లాండ్‌లో విద్యార్థులనూ, పల్లె జనాన్నీ కూర్చోబెట్టి అడిగాడు. 'ఓల్డ్ హ్యాగ్' కథ వినని వాళ్లను కూడా అడిగాడు. సంప్రదాయం నేర్పినందువల్లనే అనుభవం కలుగుతుందనుకుంటే, కథ వినని వాళ్లకు అది రాకూడదు. కానీ వాళ్లూ అదే చెప్పారు: అడుగుల చప్పుడు, గదిలో ఎవరో వున్నారన్న తెలివిడి, ఛాతీ మీద బరువు, కదలలేకపోవడం. దాన్నిబట్టి అతను తేల్చింది ఏమిటంటే, అనుభవం ముందు వచ్చింది, కథ దాని మీద కట్టుకున్నారు. పల్లె జనం కల్పించి చెప్పలేదు. జరిగింది జరిగినట్టు, చాలా జాగ్రత్తగా చెప్పారు. వాళ్లు చెప్పిన వివరాలు నిద్ర ప్రయోగశాలల్లో తేలిన వివరాలతో సరిపోయాయి.

మాకు ఈ పుస్తకం ముఖ్యం కావడానికి కారణం దెయ్యాలు కాదు, సాక్ష్యం. మా మాటను ఈ దేశంలో ఎవరు నమ్మారు? 1968 డిసెంబర్ 25 రాత్రి తమిళనాడులోని కీళ్‌వెణ్మణిలో కూలి పెంచమన్నందుకు 44 మంది దళితులను గుడిసెలో పెట్టి కాల్చేశారు. 1973లో మద్రాసు హైకోర్టు భూస్వాములను విడిచిపెట్టింది. కార్లున్న ఆసాములు తామే నడిచివచ్చి ఇళ్లు తగలబెట్టారంటే నమ్మశక్యం కాదన్న ధోరణిలో ఆ తీర్పు నడిచింది. మా కూలీ చూసిన మనిషి కన్నా, జడ్జి ఊహించుకున్న మనిషికే ఎక్కువ విలువ దక్కింది. పేదవాడి మాటను ముందు అబద్ధమనుకుని తర్వాత పరీక్ష పెట్టడం కోర్టులకే కాదు, విద్వాంసులకూ అలవాటే. హఫర్డ్ ఆ అలవాటు మానుకుని చూస్తే ఏం దొరుకుతుందో చూపించాడు.

అట్లని అతని పుస్తకంతో పని అయిపోలేదు. అందరి అనుభవం ఒకటే అని రుజువు చేయడం మీదనే అతని చూపంతా వుంది. అందరి రాత్రీ ఒకటే కాదు గదా. నచ్చని మనిషి మీదకు 'హ్యాగ్'ను పంపించవచ్చని, అందుకు ప్రార్థనను తలకిందులుగా చదవాలని న్యూఫౌండ్‌లాండ్‌లో నమ్మేవాళ్లని అతనే రాశాడు. అంటే ఛాతీ మీద బరువు పడగానే 'ఇది ఎవరి పని?' అన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నకు జవాబుగా ఊళ్లో ఎవరి పేరు వస్తుంది? పేరొచ్చిన మనిషికి ఏమవుతుంది? హఫర్డ్ దృష్టి అటు పోలేదు.

నిద్ర చాలనిది ఎవరికి

చికాగోలో పనిచేసిన నల్లజాతి సైకియాట్రిస్టు కార్ల్ బెల్, అతని సహచరులు 1984లో 108 మంది నల్లవాళ్లను అడిగి ఒక వ్యాసం వేశారు. అందులో 40 శాతానికి పైగా ఈ అనుభవం వున్నవాళ్లే. బెల్ దీన్ని జాతి లక్షణంగా చూడలేదు. ఒత్తిడితో, నిత్యం ప్రాణభయంతో బతికే బతుకుతో ముడిపెట్టాడు. 2005లో పారడిస్, ఫ్రీడ్‌మన్ చేసిన పరిశోధన ఇంకా సూటిగా వుంది. అకారణంగా భయం ముంచుకొచ్చే జబ్బు వున్న నల్లవాళ్లలో 59 శాతం మందికి నిద్ర పక్షవాతం మళ్లీ మళ్లీ వస్తుంటే, అదే జబ్బున్న తెల్లవాళ్లలో 7 శాతానికే వస్తున్నది. ఆ జబ్బు లేని మామూలు జనంలో కూడా నల్లవాళ్లలో 23 శాతం, తెల్లవాళ్లలో 6 శాతం. పేదరికం, జాతి వివక్ష, చిన్నతనంలో పడిన కష్టాలు ఈ తేడాకు కారణం కావచ్చునని వాళ్లే రాశారు.

మెదడు కాండానికి జాతి లేదు, కులం లేదు. కానీ ఆ మెదడుకు దొరికే నిద్ర పంపకంలో రెండూ వున్నాయి. మన దగ్గర ఇట్లాంటి లెక్క ఎవరన్నా తీయాలి. జీతగాడు ఆసామి కొట్టంలో పశువుల పక్కన పడుకుని, కోడి కూయకముందే లేచేవాడు. కళ్లం కావలి, చేను కావలి, చెరువు నీళ్లు మళ్లించే పని, అర్ధరాత్రి పక్క ఊరికి చావు కబురు మోసే పని, ఇవన్నీ ఎవరి మీద పడేవి? వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. ఈ రోజు పట్నంలో ఏటీఎం ముందు కుర్చీలో, అపార్టుమెంటు మెట్ల కింద, ఆస్పత్రి వార్డుల్లో, తెల్లవారకముందే రోడ్లూడ్చే చోట వున్నది ఎక్కువగా ఎవరి పిల్లలు? నిద్ర చాలకపోవడం, వేళ తప్పడం కారణాలని శాస్త్రం చెపుతున్నప్పుడు ఆ నిద్రను ఎవరు తీసుకుపోతున్నారన్న ప్రశ్న శాస్త్రానికి బయటిది కాదు.

తెల్ల దుప్పటి కింద మనిషి

రెండో పుస్తకం గ్లాడిస్-మేరీ ఫ్రై రాసిన 'నైట్ రైడర్స్ ఇన్ బ్లాక్ ఫోక్ హిస్టరీ', 1975లో వచ్చింది. ఫ్రై నల్లజాతి జానపద పరిశోధకురాలు. బానిసత్వం నుంచి బయటపడిన వృద్ధుల జ్ఞాపకాలనూ, వాషింగ్టన్ నగరంలో తాను సేకరించిన మౌఖిక చరిత్రలనూ పక్కపక్కన పెట్టి ఆమె ఒక పెద్ద సంగతి తేల్చింది. బానిసలను రాత్రి పూట కదలనీయకుండా చేయడానికి యజమానులు, మేస్త్రీలు దెయ్యాల కథలను కావాలని వాడుకున్నారు. ఫలానా దారిలో, ఫలానా చెట్టు దగ్గర ప్రేతాలున్నాయని ప్రచారం చేశారు. తెల్ల దుప్పట్లు కప్పుకుని తామే దెయ్యాలై తిరిగారు. రాత్రి బానిసలు ఒకచోట చేరితే ప్రార్థనలు జరుగుతాయి, పారిపోయే ఆలోచనలు జరుగుతాయి, తిరుగుబాట్లు పుడతాయి. కాబట్టి రాత్రిని వాళ్ల చేతికి చిక్కనీయకూడదు.

అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యాక అదే పనిని కూ క్లక్స్ క్లాన్ అందుకుంది. యుద్ధంలో చచ్చిన సైనికుల ప్రేతాలమని చెప్పుకుంటూ గుర్రాల మీద వచ్చేవాళ్లు. బక్కెట్ల కొద్దీ నీళ్లు తాగినట్టు నటించి, దుస్తుల కింద దాచిన సంచిలోకి పోసుకునేవాళ్లు. దెయ్యం వేషంతో పాటు కొరడా, తుపాకి, ఉరితాడు కూడా తెచ్చుకునేవాళ్లు. ఫ్రై పుస్తకంలో మాకు బాగా నచ్చినది ఇంకొకటి. బానిసలందరూ ఈ వేషాన్ని నమ్మలేదు. దుప్పటి కింద వున్నది ఫలానా దొర అని చాలామందికి తెలుసు. తెలిసినా భయపడినట్టు నటించారు, ఎందుకంటే దెయ్యం అబద్ధమైనా కొరడా నిజం. కొన్నిచోట్ల దారికి అడ్డంగా అడవి తీగలు కట్టి, రాత్రి గస్తీ గుర్రాలను బోర్లా పడగొట్టారు. వీళ్లను మూఢులని ఎవరనగలరు?

ఇంకో నమ్మకం కూడా వుండేది. నల్లవాళ్లు పట్నాలకు పోతే 'రాత్రి డాక్టర్లు' పట్టుకుపోయి కోసేస్తారని. కూలీలు తోటలు వదిలి వెళ్లకుండా భూస్వాములు ఈ భయాన్ని ఎగదోశారని ఫ్రై అంటుంది. కానీ ఆ భయానికి పునాది కూడా వుంది. జార్జియా రాష్ట్రం అగస్టాలోని వైద్య కళాశాల 1852లో గ్రాండిసన్ హారిస్ అనే బానిసను కొని, నల్లవాళ్ల సమాధులు తవ్వి శవాలు తెచ్చే పనిలో పెట్టింది. 1989లో ఆ పాత భవనం నేలమాళిగలో ఎముకల గుట్టలు బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం నల్లవాళ్లవే. 1932 నుంచి 1972 దాకా అలబామా రాష్ట్రం టస్కీగీలో 399 మంది సిఫిలిస్ రోగులైన నల్లవాళ్లకు చికిత్స ఇవ్వకుండా జబ్బు ఎట్లా ముదురుతుందో ప్రభుత్వ వైద్యులే చూస్తూ కూర్చున్నారు. 'సైన్సును నమ్మండి' అని ఈ జనానికి చెప్పేవాళ్లు ముందు ఆ సైన్సు చేసిన పనులకు సమాధానం చెప్పాలి.

ఫ్రై పుస్తకంలో లోటు కూడా వుంది. ఆమె దెయ్యాన్ని పైనుంచి దిగిన కథగానే ఎక్కువగా చూసింది. దొర కథ చెప్పకపోయినా, గస్తీ మనిషి రాకపోయినా, పాకలో వెల్లకిలా పడుకున్న కూలీకి ఛాతీ మీద బరువు పడుతుంది. హఫర్డ్ లేకుండా ఫ్రై చాలదు, ఫ్రై లేకుండా హఫర్డ్ చాలడు. శరీరం భయాన్ని పుట్టిస్తుంది, అధికారం ఆ భయానికి ముఖం తగిలించి తన పనికి వాడుకుంటుంది. 'స్వారీ' అన్న మాటనే చూడండి. పగలంతా పశువులా బరువు మోసి, రాత్రి గుర్రాల మీద తిరిగే గస్తీని తప్పించుకుని పడుకున్న మనిషి, తన మీద ఎవరో స్వారీ చేస్తున్నారని అనడంలో ఆశ్చర్యమేముంది?

నిద్రలో పోయిన మోంగ్ యువకులు

మూడో పుస్తకం షెల్లీ ఆడ్లర్ రాసిన 'స్లీప్ పెరాలిసిస్', 2011లో వచ్చింది. లావోస్‌లో అమెరికా గూఢచారి సంస్థ రహస్యంగా నడిపిన యుద్ధంలో మోంగ్ జనాన్ని సైనికులుగా వాడుకున్నారు. 1975లో అమెరికా ఓడి వెళ్లిపోయాక వాళ్లు కాందిశీకులయ్యారు. అమెరికా పట్నాల్లో చెల్లాచెదురుగా దించారు. 1977 నుంచి వాళ్లలో ఆరోగ్యంగా వున్న మగవాళ్లు నిద్రలో చచ్చిపోవడం మొదలైంది. 1981 ఒక్క సంవత్సరంలోనే 26 మంది పోయారు. 1980ల చివరికి ఆ లెక్క వంద దాటింది. పోయినవాళ్లు ఎక్కువగా ముప్పై ఏళ్ల పైబడ్డ యువకులు. శవపరీక్షలో కారణం దొరకలేదు. మోంగ్ వృద్ధులు 'దా చో' చంపిందన్నారు. ఈ చావుల వార్తలు చదివి హాలీవుడ్ దర్శకుడు వెస్ క్రేవెన్ 1984లో 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్' తీశాడు. సినిమాలో చచ్చేది తెల్ల పిల్లలు. చచ్చిన మోంగ్ కూలీల ఊసు అందులో లేదు.

ఆడ్లర్ కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌లో 118 మంది మోంగ్ జనాన్ని కలిసి మాట్లాడింది. సగం మందికి పైగా 'దా చో' అనుభవం వున్నవాళ్లే. నిద్ర పక్షవాతం తనంతట తాను మనిషిని చంపదు. ఈ చావుల వెనక బ్రుగాడా సిండ్రోమ్ వుందని తర్వాత తేలింది. గుండెలోని విద్యుత్తు లయ తప్పే ఈ వారసత్వ లక్షణాన్ని 1992లో వైద్యులు వర్ణించారు. ఆగ్నేయాసియా మగవాళ్లలో ఇది ఎక్కువ. అయితే అదే రక్తం, అదే గుండె వున్న వాళ్లు ఆ సంవత్సరాల్లోనే అంతమంది ఎందుకు పోయారు? ఆడ్లర్ జవాబు ఇది. ఊళ్లో వుంటే దెయ్యం అదిమిన మనిషికి కులపెద్దలు, వైద్యం చేసే షామన్లు వున్నారు, బలి ఇచ్చే కోడి వుంది, వంశం వుంది. పరాయి పట్నంలో అవేవీ లేవు. రక్షణ తెగిపోయిందన్న నమ్మకంతో వచ్చిన భయం, బలహీనమైన గుండె మీద పడింది.

ఈ వాదనలో మాకు బలం కనపడుతుంది, ప్రమాదం కూడా కనపడుతుంది. నమ్మకం మనిషిని కుంగదీస్తుందన్నది నిజమే. బాలంద్ జలాల్, హింటన్ 2013లో డెన్మార్క్, ఈజిప్టు జనాలను పోల్చారు. ఈజిప్టు వాళ్లలో ఈ అనుభవం ఎక్కువసేపు వుంటున్నది, చచ్చిపోతామన్న భయం కూడా ఎక్కువగా వుంటున్నది. అంటే వివరణ వట్టి మాట కాదు, దానికి మందులాగానో విషంలాగానో పనిచేసే గుణం వుంది. కానీ 'నమ్మకమే చంపింది' అని తేల్చేస్తే, కొండల నుంచి పెకిలించి ఫ్యాక్టరీ షిఫ్టుల్లోకి విసిరేసిన వాళ్ల బాధ్యత మాయమవుతుంది. 1982 నుంచి 1990 దాకా సింగపూర్‌లో 200 మందికి పైగా థాయ్ వలస కూలీలు ఇట్లాగే నిద్రలో చచ్చిపోయారు. వీళ్ల చావులనూ నమ్మకం ఖాతాలోనో రక్తం ఖాతాలోనో రాసేసి చేతులు దులుపుకుంటే, వలస బతుకు ఖాతా ఖాళీగానే మిగిలిపోతుంది.

1990లో ఈశాన్య థాయిలాండ్ పల్లెల్లో విధవ దెయ్యం మగవాళ్లను పట్టుకుపోతున్నదని మగవాళ్లు గోళ్లకు రంగు, పెదాలకు రంగు వేసుకుని పడుకున్నారు. మన పల్లెల్లో గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న సంగతి చాలామందికి గుర్తుండే వుంటుంది. రెండుచోట్లా దెయ్యం ఆడదే, అందులోనూ మగతోడు లేనిది. న్యూఫౌండ్‌లాండ్‌లోనూ, అమెరికా దక్షిణాదిలోనూ అంతే. ఎముకలు, కండరాలు ఈ ముఖాన్ని ఇవ్వలేదు. ఊరు ఇచ్చింది.

మన రాత్రులు

ఇప్పుడు మన సంగతి. నల్లజాతి జనంతో మన పోలిక ఈనాటిది కాదు. జ్యోతిబా ఫూలే 1873లో 'గులాంగిరి'ని బానిసత్వాన్ని రద్దుచేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 1946లో అంబేద్కర్ డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. 1972లో ముంబయిలో దళిత పాంథర్లు తమ పేరు బ్లాక్ పాంథర్ల నుంచే తీసుకున్నారు. కాబట్టి ఫ్రై అడిగిన ప్రశ్నను మన పల్లెలో అడగడం అరువు తెచ్చుకోవడం కాదు.

ఊళ్లో దెయ్యాలుండే చోట్లు ఏవి? బొందలగడ్డ, ఊరి చివరి చింతచెట్టు, వాగు, పాడుబడ్డ బావి. మాలపల్లె, మాదిగవాడ వున్నది కూడా ఆ వైపే. శవానికి గుంత తవ్వేది, చావుకు డప్పు కొట్టేది, కాటి దగ్గర వుండేది మనవాళ్లే. అగ్రకులం వాడు దెయ్యానికి భయపడి ఇంట్లో పడుకుంటాడు, అదే దారిలో అర్ధరాత్రి దళితుణ్ణి పంపుతాడు. భయపడే వెసులుబాటు కూడా మనవాళ్లకు ఇవ్వలేదు. పైగా దెయ్యాలతో, శవాలతో మెలిగేవాడు కాబట్టి వీడికి మంత్రాలొస్తాయని పేరు పెట్టారు.

ఆ పేరే ఉరితాడయింది. ఒకరికి రాత్రి గుండె మీద బరువు పడుతుంది, ఇంట్లో పసిబిడ్డకు జ్వరమొస్తుంది, గొడ్డు చచ్చిపోతుంది. ఎవరో చేశారంటారు. బాణామతి అంటారు, చిల్లంగి అంటారు. వేలు ఎవరి వైపు చూపిస్తుంది? దొర వైపు ఎన్నడైనా చూపించిందా? వాడ చివర వుండే ముసలిదాని వైపు, తోడులేని ఆడదాని వైపు, భూమి తగాదా వున్నవాడి వైపు చూపిస్తుంది. మంత్రం చదవకుండా పళ్లు రాలగొట్టడం, చెట్టుకు కట్టి కొట్టడం, తగలబెట్టడం తెలంగాణ పల్లెలు చూశాయి. చంపిన గుంపులోనూ బడుగు కులాల వాళ్లు వుంటున్నారన్నది మనం దాచుకోవాల్సిన విషయం కాదు. 'ప్రజల జ్ఞానం' అని మురిసిపోయే పరిశోధకులను మేము అడిగేది ఇదే: ఆ ముసలిది ప్రజల్లో లెక్క కాదా? రాత్రి బరువుకు కారణం కండరాలేనని గట్టిగా చెప్పగలిగితే, వేలు చూపించే చేతిని కొంతైనా ఆపవచ్చు. అందుకే సైన్సు మాకు కావాలి.

హేతువాద మిత్రులతో మా తగువు వేరు. వాళ్లలో చాలామంది ప్రాణాలకు తెగించి పనిచేశారు. 2013 ఆగస్టు 20న పుణెలో నరేంద్ర దభోల్కర్‌ను కాల్చి చంపాకనే మహారాష్ట్రలో మంత్రాల పేరుతో జరిగే దుర్మార్గాల మీద చట్టం వచ్చింది. బీహార్‌లో 1999లో, జార్ఖండ్‌లో 2001లో మంత్రగత్తె ముద్రకు వ్యతిరేకంగా చట్టాలు వచ్చాయి. ఈ కృషిని మేము తక్కువ చేయము. కానీ వాడకొచ్చి నిప్పుల మీద నడిచి చూపించి, 'చూశారా, దెయ్యం లేదు' అని చెప్పి వెళ్లిపోతే పని కాదు. మనిషి చెపుతున్నది తన అనుభవం. దాన్ని లేదంటే ఆ మనిషి మళ్లీ నోరు విప్పడు, నేరుగా భూతవైద్యుడి దగ్గరికి పోతాడు. అనుభవం వుంది, దెయ్యం లేదు అని చెప్పాలి. ఈ రెండు మాటలూ కలిపి చెప్పడం చాలామందికి చేతకావడం లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. రాత్రి మన ఇళ్ల మీదకు వచ్చిన వాళ్లందరూ కల్పితం కాదు. 1997 డిసెంబర్ 1 రాత్రి బీహార్‌లోని లక్ష్మణ్‌పూర్ బాథేలో రణవీర్ సేన 58 మందిని చంపింది. 2013లో పాట్నా హైకోర్టు శిక్షపడిన 26 మందినీ విడిచిపెట్టింది. ఆ ఊళ్లో తర్వాత ఒక పిల్ల రాత్రి లేచి, తలుపు దగ్గర ఎవరో వున్నారంటే ఏ హేతువాది ఏం చెపుతాడు? హింస చూసిన వాళ్లలో ఈ అనుభవాలు ఎక్కువని శాస్త్రమే చెప్పింది. అక్కడ వైద్యమంటే నిద్ర పాఠం ఒక్కటే కాదు, నేరస్తులకు శిక్ష కూడా.

చేయాల్సిన పని

కార్యకర్తలు, టీచర్లు ఈ విషయం మాట్లాడేటప్పుడు ముందు వినాలి. ఎన్ని గంటలు పడుకుంటున్నావు, ఏ వేళకు, ఏ పని చేసి వచ్చి అని అడగాలి. తర్వాత ఒళ్లు ఎట్లా పనిచేస్తుందో తెలుగులో, ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పాలి. పక్కకు తిరిగి పడుకోమనాలి, వేళకు నిద్రపొమ్మనాలి. బరువు పడినప్పుడు పెనుగులాడకుండా ఒక వేలినో కాలి బొటనవేలినో కదపడానికి ప్రయత్నించమనాలి. అది కాసేపట్లో విడిపోతుందనీ, దానితో ప్రాణం పోదనీ చెప్పాలి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో నిద్రలో పోయివుంటే, తరచు స్పృహ తప్పుతుంటే గుండె పరీక్ష చేయించాలి. పగటి పూట ఆపుకోలేని నిద్ర వస్తుంటే డాక్టరుకు చూపించాలి. హాస్టళ్లలో వుండే మన పిల్లలకు ఇది ముఖ్యంగా చెప్పాలి. మొదటి తరం చదువుల బరువుతో, పరీక్షల భయంతో, అవమానాలతో నిద్ర పాడుచేసుకున్న వాళ్లు దీన్ని ఎవరికీ చెప్పుకోలేక పిచ్చి పడుతున్నదేమోనని కుమిలిపోతుంటారు.

పరిశోధక విద్యార్థులకు మా విజ్ఞప్తి వేరు. దెయ్యాల కథలు సేకరించేటప్పుడు కథ ఒక్కటే రాసుకోవద్దు. ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఆ కథ విన్న తర్వాత ఎవరు రాత్రి బయటికి పోవడం మానుకున్నారు, ఎవరి చేనుకు కావలి తప్పింది, ఎవరి మీద మంత్రగత్తె ముద్ర పడింది, ఆమె భూమి ఇప్పుడు ఎవరి పేరు మీద వుంది అన్నవి కూడా రాయండి. మన అమ్మలు, తాతలు దుప్పటి కింది దొరను గుర్తుపట్టి కూడా భయం నటించిన సందర్భాలు వుండే వుంటాయి. వాటిని వాళ్లు బతికుండగానే అడిగి రాసుకోవాలి. నిద్ర శాస్త్రం ఇచ్చిన వివరణను చేతిలో పెట్టుకుని ఈ పని మొదలుపెడితే, రాత్రి భయంలో ఒంటి వాటా ఎంతో, ఊరి వాటా ఎంతో విడదీసి చూపించగలం. ఒంటి వాటాకు నిద్ర కావాలి, వైద్యం కావాలి. ఊరి వాటాతో మాత్రం కొట్లాడాల్సిందే.